సూర్యలంక పోయేటోళ్లకు

అన్నలూ, తమ్ముళ్లూ, శనివారం రాత్రి నల్లగొండ నుంచి బాపట్ల దగ్గరి సూర్యలంక బీచికి చేపలు పట్ట బయల్దేరేటోళ్లు ఇది చదువుండ్రి.

సాగర్ల బొచ్చె పట్టినట్టు కాదు సముద్రం. గోధుమపిండి ముద్దలు ఇంట్లనే పెట్టి రాండ్రి, అక్కడ పచ్చిరొయ్యనే ఎర. పోటు ఎక్కేటప్పుడు గాలం వేస్తే చేప ఒడ్డు దగ్గరికి వస్తది. అమావాస్యకు, పున్నానికి పోటు గట్టిగుంటది, మోకాళ్లు దాటి లోపలికి పోకుండ్రి.

అసలు చెప్పాల్సింది జెల్ల గురించి. మన చెరువు జెల్ల లెక్కనే వీపు మీద, రెండు పక్కల ముళ్లుంటయ్, వాటికి విషం ఉంటది. పోయినసారి గాలం తీయబోతే నా బొటనవేలిల దిగింది. నేను తెలివి ఉపయోగించి ఐస్ పెట్టిన, నొప్పి ఇంకా ఎక్కింది! ఒక వేటగాడు పెద్దాయన తిట్టుకుంటనే చెయ్యి ఓర్చుకునేంత వేడినీళ్లల్ల పెట్టించిండు. అరగంటకు పానం కుదుటపడ్డది. టేకు చేప (స్టింగ్‌రే) తోకముల్లుకు గూడ గదే మందు, తర్వాత మాత్రం దవాఖానకు పోవాలె. వేడినీళ్ల ఫ్లాస్కు నేను తెస్త.

తోక తెడ్డు లెక్క చపటగ ఉన్న పాము కనిపిస్తే అది సముద్రపు పాము. చచ్చినట్టు పడున్నా ముట్టొద్దు, మస్తు విషం.

జనవరి నుంచి మార్చి దాకా తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం. రాత్రి ఇసుకల తల్లి కనిపిస్తే టార్చి, ఫ్లాష్ బంద్. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద వాటికి రక్షణ ఉంది, గుడ్లు ముట్టినా కేసే.

వాపసొచ్చినంక రీళ్లు మంచినీళ్లతోని కడుగుండ్రి, ఉప్పుకు తుప్పు పడ్తది. కారుల ఇంకొక్క సీటే ఉంది, ఎవరొస్తరు?