గాలం రీల్ కొనేటప్పుడు బేరింగులు కాదు, కండె చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం,

నేను లీడ్స్‌లో ఉంటానండి, మాది చీరాల దగ్గర ఊరు, మగ్గం ఇల్లు. మన పేపర్ రోజూ ఫోన్‌లో చదువుతా. ఈ మధ్య ఇంగ్లండ్‌కి చదువులకీ ఉద్యోగాలకీ మనవాళ్ళు చాలామంది వచ్చారు కదా, అందులో కొంతమంది కుర్రాళ్ళు శని ఆదివారాలు చెరువుల దగ్గర కార్ప్ గాలానికి అలవాటు పడ్డారు (ఇక్కడ కామన్ కార్ప్ అంటే మన బంగారు తీగేనండి). వాళ్ళు నాకు ఫోన్ చేసి అడిగే మొదటి మాట, "అన్నా, వంద గజాలు దాటి విసరాలి, ఏ రీల్ తీసుకోమంటావ్, పది బేరింగులున్నది ఆఫర్‌లో ఉంది, కొనేయనా" అని. ఒక్కొక్కరికీ చెప్పేకంటే మీ ద్వారా చెప్తే అందరికీ చేరుతుందని రాస్తున్నా.

మొదటి ఏడాది నేనూ అలాగే కొన్నా. డబ్బా మీద బేరింగుల లెక్క చూసి చిన్న రీల్ ఒకటి తీసుకున్నా, షాపతను దూరానికి ఇది చాలన్నాడు. మూడు ఔన్సుల సీసం గుండు, అంటే సుమారు 85 గ్రాములు, కట్టి ఎంత బలంగా విసిరినా అరవై గజాలు దాటేది కాదు. ఒకరోజు పట్టుదల కొద్దీ ఇంకా గట్టిగా విసిరా, స్పూల్ (రీల్‌లో లైన్ చుట్టి ఉండే భాగం) మీంచి నాలుగైదు చుట్లు ఒక్కసారే ఊడి రాడ్ రింగులో ముడిపడ్డాయి, లైన్ ఫట్‌మని తెగి గుండు చెరువు అవతలికి వెళ్ళిపోయింది. అటుపక్క మనిషి లేడు కాబట్టి సరిపోయింది. ఆ చప్పుడు తలుచుకుంటే ఇప్పటికీ నా చేతులు చల్లబడతాయి.

ఆ రాత్రి ముడి విప్పుతూ కూర్చుంటే అమ్మ కండెలు, అంటే పోగు చుట్టే చిన్న గొట్టాలు, చుట్టడం గుర్తొచ్చింది. రాట్నం తిప్పుతూ పోగుని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని చెయ్యి మెల్లగా ముందుకీ వెనక్కీ జరిపేది, తొందరపడి చుడితే చుట్టులో చుట్టు దిగబడిపోయి నాన్న మగ్గం మీద నాడె (కండె పెట్టి అటూ ఇటూ ఆడించేది) ఆడించేటప్పుడు పోగు పట్టేసి తెగేది, ఇంక ఆ పూట ఇంట్లో గొడవే. నాడెలో కండె తిరగదు, పోగే దాని కొస మీంచి జారుతూ వస్తుంది. గాలం రీల్ పనీ అచ్చంగా ఇదేనండి. ఏదో పోలిక కోసం అనట్లేదు, ఈ రకం రీల్‌కి 1905లో పేటెంట్ తీసుకున్న ఇల్లింగ్‌వర్త్ గారు బ్రాడ్‌ఫర్డ్‌లో ఉన్ని మిల్లుల ఆయన. మా ఇంటి నుంచి పది మైళ్ళు కూడా ఉండదు ఆ ఊరు.

అందుకే నేను చెప్పేదొకటే, ముందు స్పూల్ చూడండి. వెడల్పుగా, పొడుగ్గా ఉండాలి. ఎందుకంటే గుండు దూరం పోయే కొద్దీ స్పూల్ మీద లైన్ తగ్గుతూ లోపలికి దిగిపోతుంది, చిన్న స్పూల్‌లో తొందరగా దిగిపోయి అంచుకి రాసుకుంటూ వస్తుంది, ఆ రాపిడే దూరాన్ని తినేస్తుంది. పొడుగు స్పూల్‌లో వంద గజాలు పోయినా మట్టం కొంచెమే దిగుతుంది. ఇలా పెద్ద స్పూల్ ఉన్నవాటిని బిగ్ పిట్ రీళ్ళు అంటారు, అలాగే అడగండి, షిమానోలో 14000 సైజు, డైవాలో 45 సైజు అంటే ఆ కోవవే. తర్వాత షాపులోనే హ్యాండిల్ మెల్లగా తిప్పి స్పూల్ ఎంత నిదానంగా పైకీ కిందకీ కదుల్తుందో చూడండి, నిదానంగా కదిలితే చుట్టు పక్కన చుట్టు పడుతుంది, అమ్మ చెయ్యి లాగా. లైన్ అంచుకి ఒకటి రెండు మిల్లీమీటర్లు తక్కువ దాకా నింపాలి, మరీ తక్కువైతే రాపిడి, పొంగేలా నింపితే నాకు జరిగినట్టే చుట్లు ఊడిపడతాయి.

వెనక లివర్ వేస్తే చేప లాగినప్పుడు లైన్ ఫ్రీగా పోయే ఏర్పాటు చాలా రీళ్ళలో ఉంటుంది, బాగానే ఉంటుంది కానీ విసిరే దూరానికి దాంతో సంబంధం లేదు, ముందున్న డ్రాగ్ (చేప లాగితే లైన్ ఎంత బిగువుగా వదలాలో సరిచేసే మర) ఒక్క చుట్టులో వదులై మళ్ళీ బిగిసేది ఉంటే అది లేకపోయినా పని జరిగిపోతుంది. స్పూల్ పక్కన లైన్‌ని పట్టి ఉంచే లైన్ క్లిప్ మాత్రం నునుపుగా ఉండాలి, గరుగ్గా ఉంటే లైన్ అక్కడే కోసుకుపోతుంది. బిగ్ పిట్ రీల్ ఒక్కోటి అరకిలో పైనే తూగుతుంది కాబట్టి మీ రాడ్‌కి బిగించి చేత్తో ఎత్తి చూశాకే డబ్బులివ్వండి.

ఇంత మంచి రీల్ కొని షాక్ లీడర్ (లైన్ చివర కట్టే బలమైన లైన్ ముక్క) కట్టకపోతే మాత్రం నేను ఒప్పుకోను. గుండు ఔన్సుకి పది పౌండ్ల బలం లెక్క, మూడు ఔన్సుల గుండుకి 30 పౌండ్ల బరువు తట్టుకునే లీడర్, రాడ్‌కి రెండింతలు పొడుగు, స్పూల్ మీద ఇంకో నాలుగు చుట్లు. విసిరే ఊపు మొత్తం దాని మీదే పడుతుంది. కొన్ని చెరువుల్లో లీడర్ ఒప్పుకోరు, అక్కడ దూరం మానేయాలి, అంతే. అసలు చాలా చోట్ల చేప గట్టు పక్కనే నలభై గజాల్లో తిరుగుతుంటుంది, నా పెద్ద చేప, 22 పౌండ్లది, అలా దొరికిందే. చేపకి దెబ్బ తగలకుండా తడిపిన మ్యాట్ మీద పెట్టి కొక్కెం తీసి నీళ్ళలోకి వదిలా, రాగి రంగు పొలుసులు చేతికి ఇంకా తగుల్తున్నట్టే ఉంటుంది.

కొత్తగా వచ్చిన పిల్లలకి ఇంకో మాట. పదమూడేళ్ళు దాటిన ఎవరికైనా ఇక్కడ రాడ్ లైసెన్స్ ఉండాలి, లేకుండా దొరికితే 2,500 పౌండ్ల దాకా ఫైన్ పడొచ్చు. నదుల్లో మార్చి 15 నుంచి జూన్ 15 దాకా కార్ప్ గాలం వెయ్యకూడదు, చెరువుల్లో చాలావరకు ఏడాదంతా వెయ్యొచ్చు. వీలైతే ఈ ఉత్తరం శనివారంలోపు వేయండి సార్, ఈ వారం కూడా ఇద్దరు కుర్రాళ్ళు షాపుకి బయల్దేరుతున్నారు.

ఇట్లు,
మీ పాఠకుడు, లీడ్స్, ఇంగ్లండ్