రోలర్ కింద పెట్టాల్సింది బైకు సైలెన్సర్లు ఒక్కటే కాదు

సంపాదకులకు నమస్కారం.

మోడిఫైడ్ సైలెన్సర్లను పోలీసులు వరసగా పేర్చి రోడ్డు రోలర్‌తో తొక్కించిన ఫొటోలు హైదరాబాద్ నుంచీ విశాఖ నుంచీ పత్రికల్లో చూస్తూనే ఉన్నాం. మంచి పనే. కానీ అవన్నీ దాదాపు బైకులవే. కార్ల సంగతి ఎవరికీ పట్టడం లేదు. ఇరవై ఏళ్లుగా హైదరాబాద్‌లో కార్లు రిపేరు చేస్తున్నవాణ్ణి కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

పోయిన నెల ఒక కుర్రాడు టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసే పరికరం) ఉన్న స్పోర్ట్స్ కారు తెచ్చాడు. ఇంజిన్ లైటు వెలుగుతోంది, ఆర్పేయమన్నాడు. లిఫ్ట్ ఎక్కించి చూస్తే టర్బో పక్కన ఉండాల్సిన క్యాటలిటిక్ కన్వర్టర్, అంటే పొగలోని విషవాయువులను తగ్గించే డబ్బా, లేదు. దాని చోట ఉత్త పైపు ఉంది. మధ్యలో శబ్దాన్ని మెత్తబరిచే రెజొనేటర్ కోసేసి తిన్నగా గొట్టం వెల్డింగ్ చేశారు. వెనక మఫ్లర్ (సైలెన్సర్) కూడా కంపెనీది కాదు. మూడూ మూడు షాపుల్లో వేయించాడట. ప్రతి చోటా ‘ఇదొక్కటీ మారిస్తే ఏం కాదు’ అన్నారట. మూడూ కలిసేసరికి, స్టార్ట్ చేయగానే మా షెడ్డు రేకులు అదిరాయి. వెనక నిలబడితే పచ్చి పెట్రోలు వాసనకి కళ్లు మండాయి.

కన్వర్టర్ లోపల తేనెపట్టులాంటి సన్నటి అరలుంటాయి. వాటికి ప్లాటినం, పలేడియం, రోడియం పూత. కార్బన్ మోనాక్సైడ్, కాలని పెట్రోలు, నైట్రోజన్ ఆక్సైడ్లు అక్కడే హాని తగ్గిన వాయువులుగా మారతాయి. అది పీకేశాక ఆ కారు బీఎస్-6 కాలుష్య ప్రమాణాలకు తగినదన్నది కాగితం మీదే. సెన్సర్ ఆ లోటు పసిగట్టింది కాబట్టే లైటు వెలిగింది. ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ మార్చి ఆ లైటు రాకుండా చేసేవాళ్లూ ఊళ్లో ఉన్నారు. నేను చేయనని పంపేశాను. ఇంకెక్కడో చేయించుకునే ఉంటాడు. ఆ బాధే ఈ ఉత్తరం రాయించింది.

మంచి ఇంజిన్ సౌండ్ నాకూ ఇష్టమే. ఆ ముచ్చట ఉన్న పిల్లలకు నేను చెప్పేది, కొన్ని మోడళ్లకు కంపెనీయే స్పోర్ట్స్ ఎగ్జాస్ట్ ఇస్తుంది, కారు కొనేటప్పుడే అది తీసుకోండి. తలా ఒక షాపులో ముక్కలు కొని అతికించకండి. వెనక మఫ్లర్ మారిస్తే పవర్ పెరిగేది నామమాత్రమే. టర్బో లేని ఇంజిన్‌కి మరీ లావు పైపు వేస్తే కింది గేర్లలో పికప్ కూడా పడిపోతుంది.

చట్టం లేక కాదు. శబ్దం, పొగ ప్రమాణాలు దాటితే మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు. అనుమతి లేని మార్పులు చేయించిన యజమానికి 182ఎ సెక్షన్ కింద ఒక్కో మార్పుకి 5,000. నివాస ప్రాంతాల్లో రాత్రి పది దాటాక 45 డెసిబెల్స్ మించకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. కానీ పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చేచోట ఐడ్లింగ్‌లో, అంటే బండి కదలకుండా ఇంజిన్ ఆన్‌లో ఉంచి, పొగ చూసి పంపేస్తారు. శబ్దం కొలవరు, కారు కిందికి వంగి చూడరు.

రవాణా శాఖ ఆ కేంద్రాల్లో శబ్దం కొలిచే మీటరు పెట్టించాలి. కన్వర్టర్ ఉందో లేదో టార్చ్ వేసి చూడటం తప్పనిసరి చేయాలి. రోడ్డు మీద కుర్రాళ్లను ఆపడంతో పాటు, ఈ పైపులు అమ్మి బిగించే షాపులకూ తనిఖీకి వెళ్లాలి.

– ఒక కారు మెకానిక్, హైదరాబాద్