2024-25 వార్షిక నివేదిక: మన కాలనీలో నడక, వ్యాయామం

గౌరవనీయులైన సభ్యులకు, వారి కుటుంబ సభ్యులకు నమస్కారం.

గత సర్వసభ్య సమావేశంలో మీరు ఏకగ్రీవంగా ఆమోదించిన తీర్మానం మేరకు, హనుమకొండలోని మన కాలనీ సంక్షేమ సంఘం ఈ ఏడాది పారిశుద్ధ్యం, మంచినీరు, వీధిదీపాల వంటి నిత్య బాధ్యతలతో పాటు సభ్యుల రోజువారీ వ్యాయామాన్ని ప్రధాన కార్యక్రమంగా చేపట్టింది. ఆ తీర్మానం ఎందుకు వచ్చిందో మీకు గుర్తుండే ఉంటుంది. అంతకు ముందు ఏడాదిలో మన వీధుల్లోనే ఇద్దరు, యాభై ఏళ్లైనా నిండనివారు, గుండెపోటుతో మనకు దూరమయ్యారు. ఆదాయ వ్యయాల పట్టికను కోశాధికారి గారు విడిగా సమర్పిస్తున్నారు కనుక ఈ నివేదికను వ్యాయామ కార్యక్రమానికే పరిమితం చేస్తున్నాను.

ముందుగా మా ప్రణాళికలో జరిగిన పొరపాటును మీ ముందుంచడం ధర్మం. ఏప్రిల్‌లో కాలనీ పార్కులో ఉదయం ఐదున్నరకు సామూహిక నడకనూ, ఆ తరువాత యోగాసనాలనూ ప్రారంభించాం. మొదటి వారం పార్కు నిండిపోయింది. జూన్ 21న యోగా దినోత్సవం నాడైతే చాపలు పరవడానికి చోటు చాలలేదు. కానీ ఆగస్టు వచ్చేసరికి క్రమం తప్పకుండా వచ్చేవారు పదిమందే మిగిలారు, అందులో తొమ్మిదిమంది ఉద్యోగ విరమణ చేసిన పురుషులు. జనంలో శ్రద్ధ లేదనుకుని ఊరుకుంటే కార్యక్రమం అక్కడితో ముగిసిపోయేది. అలా కాకుండా కార్యవర్గ సభ్యులం రెండు ఆదివారాలు ఇంటింటికీ వెళ్లి, రాలేకపోవడానికి కారణమేమిటని అడిగాం. మూడో వీధిలో ఒక సోదరి చెప్పిన మాట మా ఆలోచననే మార్చింది: "అన్నా, పొద్దున ఆ గంట మీకు ఖాళీ, మాకు కాదు." పాలు కాచడం, టిఫిన్ చేయడం, పిల్లల లంచ్ బాక్సులు కట్టడం, ఏడూ నలభైకి స్కూలు బస్సు ఎక్కించడం వంటి పనులన్నీ పడేది సరిగ్గా మేము వ్యాయామానికి ఎంచుకున్న ఆ సమయంలోనే.

ఇది మన ఒక్క కాలనీ సంగతి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2024లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 2022లో మన దేశంలోని వయోజనుల్లో దాదాపు సగం మందికి చాలినంత శారీరక శ్రమ లేదు. పురుషుల్లో ఇది సుమారు 42 శాతం కాగా స్త్రీలలో 57 శాతం. ఇంటి పనంతా వ్యాయామమే కదా అని మనలో చాలామంది అంటుంటారు. ఇసుర్రాయితో పిండి విసిరి, రోకలితో దంచి, చేదబావి నీళ్లు తోడి మోసిన మన నాయనమ్మల కాలానికి ఆ మాట సరిపోతుంది. మిక్సీ, గ్యాస్ పొయ్యి, కుళాయి వచ్చాక చాకిరీ తగ్గలేదు గానీ, గుండె వేగాన్ని పెంచే శ్రమ మాత్రం చాలా తగ్గింది. అందుకే రోజంతా నిలబడి అలసిపోయే ఇల్లాలికే బీపీ, షుగర్ రావడం మన ఇళ్లలోనే చూస్తున్నాం.

ఇంటింటి పర్యటన తరువాత కార్యవర్గం తీసుకున్న నిర్ణయం ఒక్కటే. మన కార్యక్రమానికి సభ్యులను రప్పించడం మాని, వారి దినచర్యలో ఖాళీ ఉన్న చోటికి కార్యక్రమాన్నే తీసుకుపోవాలని అనుకున్నాం. దీనికి శాస్త్రపరమైన ఆధారం కూడా ఉంది. వయోజనులకు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ శ్రమ, దానితో పాటు వారంలో రెండు రోజులైనా కండరాలకు బలమిచ్చే వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. శ్రమ ఒక విడతలో పది నిమిషాలైనా సాగితేనే లెక్కలోకి వస్తుందన్న పాత నియమాన్ని ఆ సంస్థ 2020లో తొలగించింది. అంటే మెట్లెక్కిన రెండు నిమిషాలూ, కూరగాయలకు నడిచిన ఏడు నిమిషాలూ కూడా లెక్కలోకి వస్తాయి. మధ్యస్థ శ్రమ అంటే ఏమిటని చాలామంది అడిగారు. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి, కానీ పాట పాడబోతే ఊపిరి అందకూడదు. ఇంతకు మించి ఏ యంత్రంతోనూ కొలవనవసరం లేదు. రోజుకు పదివేల అడుగులు పూర్తి కాలేదని దిగులుపడే సభ్యులకు ఒక మాట. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కించే పరికరాన్ని అమ్మడానికి పెట్టిన పేరు నుంచి ఆ సంఖ్య ప్రచారంలోకి వచ్చింది. అది వైద్యులు పరీక్షించి తేల్చినది కాదు.

సెప్టెంబరు నుంచి రాత్రి ఎనిమిదిన్నరకు, భోజనాలయ్యాక, ఏ వీధివారు ఆ వీధిలోనే ఇరవై నిమిషాలు నడిచే పద్ధతి మొదలైంది. దీనికోసం మూడు, ఐదు వీధుల్లో వెలగని దీపాలను మార్పించడానికి సంబంధిత కార్యాలయం చుట్టూ ఆరుసార్లు తిరగవలసి వచ్చింది; వెలుతురు లేని దారిలో స్త్రీలను నడవమనడం న్యాయం కాదు కనుక ఆ శ్రమకు విచారం లేదు. ఈ నడక అన్నిటికన్నా ఎక్కువగా ఉపకరించింది షుగర్ ఉన్న సభ్యులకు. తిన్న వెంటనే రక్తంలో చక్కెర పెరుగుతుంది. సరిగ్గా ఆ సమయంలో కాళ్ల కండరాలు పనిచేస్తుంటే, అవి చక్కెరను కణాల్లోకి పంపే ఇన్సులిన్ కోసం ఎదురుచూడకుండానే ఆ చక్కెరను లోపలికి తీసుకుంటాయి. పైగా ఆ రోజు చేసిన శ్రమ వల్ల ఇన్సులిన్ మరునాడు కూడా మెరుగ్గా పనిచేస్తుంది, అందుకే వరుసగా రెండు రోజులకు మించి నడక మానవద్దని వైద్యులు చెబుతారు. షుగర్ సరిహద్దులో ఉన్నవారికి చెన్నైలో జరిగి, 2006లో వెలువడిన అధ్యయనం ధైర్యాన్నిస్తుంది. ఆహారంలో, శ్రమలో మార్పులు చేసుకున్నవారిలో మధుమేహం వచ్చే అవకాశం సుమారు 28 శాతం తగ్గింది. ఆ మార్పులకు బదులు షుగర్ మాత్ర వాడినవారిలోనూ తగ్గుదల దాదాపు అంతే. అయితే ఇప్పటికే మందులు వాడుతున్నవారు నడుస్తున్నాం కదా అని వాటిని సొంతంగా ఆపకూడదని ఈ సందర్భంగా గట్టిగా కోరుతున్నాను.

ఉదయం పదకొండుకు కమ్యూనిటీ హాలులో మహిళల కోసం మొదలుపెట్టిన గంటసేపటి తరగతికి మేము ఊహించని ఆదరణ లభించింది. బతుకమ్మ పండుగ దగ్గరపడుతుండటంతో వారే చప్పట్లు కొడుతూ, వంగుతూ లేస్తూ, వలయంగా తిరిగే ఆటను వ్యాయామంగా మలచుకున్నారు. అరగంటకు నుదుట చెమట పట్టేది. పండుగ అయ్యాక దాన్ని కోలాటంగా కొనసాగించారు. బలం పెంచే వ్యాయామానికి డంబెల్స్ కొనలేదు, లీటరు సీసాల్లో నీళ్లు నింపుకుంటే చేతికొక కిలో బరువు అమరింది.

ఇదే హాలులో వృద్ధుల కోసం కేవలం కుర్చీలతో ఒక తరగతి నడిచింది. చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి లేవడం, తిరిగి నెమ్మదిగా కూర్చోవడం, గోడ పక్కన ఒంటికాలిపై కాసేపు నిలబడటం మాత్రమే ఇందులో చేయించేవారు. వయసుతో కండ కరిగిపోవడం, పట్టుతప్పి పడటం, తుంటి ఎముక విరగడం ఒకదాని వెంట ఒకటి వచ్చే కష్టాలు. వాటిని ఆపగలిగేది తొడల బలం. డెబ్భై నాలుగేళ్ల సభ్యురాలు ఒకరు మొదటి రోజు రెండు చేతులూ మోకాళ్లపై ఆన్చి, మూడోసారి ప్రయత్నిస్తే గానీ లేవలేకపోయారు. రోజూ ఐదుసార్లు, ఆపై ఎనిమిదిసార్లు చేస్తూ వచ్చారు. సంక్రాంతి నాడు ఆవిడ తమ వాకిట్లో గొంతుక్కూర్చుని, పదకొండు చుక్కల ముగ్గు తానే పెట్టి, ఎవరి చేయీ పట్టుకోకుండా లేచి నిలబడ్డారు. గేటు బయట నిలబడి చూసినవారిలో నేనూ ఉన్నాను. ఈ ఏడాది సంఘం చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చింది ఇదే.

మన కాలనీలో ఆర్టీసీ కుటుంబాలు ఎక్కువ కాబట్టి, ఆరోగ్య సదస్సుకు వచ్చిన వైద్యులు చెప్పిన ఒక విషయం ఇంకా చర్చలో ఉంది. 1953లో జెరెమీ మోరిస్ అనే వైద్యుడు లండన్‌లోని రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించి, రోజంతా కూర్చుని నడిపే డ్రైవర్లకన్నా, టికెట్ల కోసం రోజుకు వందల మెట్లు ఎక్కి దిగే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా ఉందని చూపించారు. ఒకే బస్సు, ఒకే దారి, వేళలు కూడా దాదాపు ఒకటే. అది విన్న విశ్రాంత డ్రైవర్ ఒకరు మరునాటి నుంచి మూడో అంతస్తులోని తమ ఫ్లాటుకు లిఫ్టు ఎక్కడం మానేశారు.

నవంబరులో జరిగిన ఒక సంఘటన మమ్మల్ని కలవరపెట్టింది. ఆదివారం వడ్డేపల్లి చెరువు కట్టపై నడుస్తుండగా ఒక సభ్యుడికి ఛాతీ బరువెక్కింది. గ్యాస్ అనుకుని ఆయన ఇంకో రెండు వందల అడుగులు నడిచారు. తోటివారు బలవంతంగా కూర్చోబెట్టి 108కి ఫోన్ చేయడం వల్ల సకాలంలో చికిత్స అంది, ఇప్పుడు క్షేమంగా ఉన్నారు. ఆయనకు చాలాకాలంగా బీపీ ఉందని మేము ముందుగా అడిగి తెలుసుకోకపోవడం కార్యవర్గం లోపమే. అప్పటి నుంచి బీపీ, షుగర్, గుండెజబ్బు ఉన్నవారు వైద్యుల సలహా తీసుకున్నాకే వేగం పెంచాలనీ, ఇన్సులిన్ వాడేవారు రక్తంలో చక్కెర మరీ పడిపోతే తినడానికి జేబులో చక్కెర పొట్లం ఉంచుకోవాలనీ, పాదాల్లో స్పర్శ తగ్గినవారు చెప్పులతో కాక బూట్లతోనే నడవాలనీ నియమం పెట్టాం. గుండె ఆగిపోయినవారి ఛాతీని నొక్కి ప్రాణం నిలిపే ప్రయత్నమైన సీపీఆర్‌లో డిసెంబరులో శిక్షణ కూడా ఏర్పాటు చేశాం. ఛాతీ మధ్యలో ఐదు నుంచి ఆరు సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కడాన్ని బొమ్మపై అభ్యసించినవారు ఇప్పుడు ప్రతి వీధిలోనూ ఉన్నారు.

పిల్లల విషయంలో మాత్రం ఈ ఏడాది ఏమీ చేయలేకపోయాం. వారికి రోజుకు గంటసేపు ఆట కావాలి. ఆ స్థలంలో మన కార్లు నిలబడి ఉన్నాయి. సాయంత్రం ఐదు నుంచి ఏడు వరకు పార్కు వెనుక రోడ్డును వాహనాలు లేకుండా పిల్లలకు వదిలేయాలన్న ప్రతిపాదనను ఈ సమావేశం ముందు ఉంచుతున్నాం. కార్లున్న సభ్యులకు కొంత ఇబ్బంది కలుగుతుందని తెలిసే అడుగుతున్నాం. ఎండలు నలభై డిగ్రీలు దాటుతున్నాయి కనుక జూన్ దాకా రాత్రి నడక ఎనిమిదిన్నరకు బదులు తొమ్మిదికి మొదలవుతుంది. వృద్ధులు మధ్యలో ఆగి కూర్చోవడానికి ఒకటో వీధిలో రెండు సిమెంటు బల్లలు వేయడానికీ మీ అనుమతి కావాలి.

కమ్యూనిటీ హాలు తాళం తీసే బాధ్యతను ఇన్నాళ్లూ మోసిన సభ్యురాలు కూతురి పురుడు కోసం వచ్చే నెల ఊరెళ్తున్నారు. పదకొండు గంటల తరగతి ఒక్క రోజు కూడా ఆగకుండా ఉండాలంటే, హాలుకు దగ్గర్లో ఉన్నవారు ఎవరైనా ఇద్దరు ఈ సమావేశంలోనే ముందుకు వచ్చి తాళంచెవి తీసుకోవలసిందిగా ప్రార్థన.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి