పట్టీ మీద ఒక రోజు వెనకటి తేదీ

సంపాదకుల వారికి నమస్కారం.

నేను చెన్నై కోయంబేడు మార్కెట్‌లో ఒక టమాటా మండీలో పద్దులు రాస్తాను. మదనపల్లె వైపు నుంచి లారీలు అర్ధరాత్రి దాటాక దిగుతాయి, తెల్లవారుజామున నాలుగింటికల్లా రైతుల పేర్ల మీద పట్టీలు, అంటే అమ్మకం లెక్క చీటీలు, కంప్యూటర్‌లో కొట్టడం మొదలవుతుంది. మొన్న వేసవిలో ఒక రైతు ఫోన్ చేశాడు. "అన్నా, నా సరుకు దిగింది శనివారం కదా, పట్టీలో శుక్రవారం పడిందే? ఆ పొద్దు రేటు కట్టినారా?" టమాటా రేటు ఏ రోజుది ఆ రోజుదే, ఆయన అడగడం న్యాయం. తీసి చూస్తే ఆ వేళ కొట్టిన పట్టీలన్నిటి మీదా ముందు రోజు తేదీ, రాత్రి పదిన్నర టైము.

మెకానిక్ వచ్చి ఆ కంప్యూటర్ మదర్‌బోర్డు మీద గడియారాన్ని నడిపే బిళ్ల సెల్లు, సీఆర్ 2032, మార్చాడు. వారం తిరక్కుండా మళ్లీ అదే. రెండోసారీ సెల్లే మార్చాడు. సెల్లు అయిపోతే గడియారం ఏ పాత సంవత్సరానికో పోవాలి గానీ ప్రతిసారీ సరిగ్గా ఐదున్నర గంటలే వెనకబడటం ఏమిటి? గ్రీనిచ్‌కీ మనకీ ఉన్న తేడా అదే. అక్కడ పట్టు దొరికింది. యజమాని గారి అబ్బాయి చదువు కోసం అందులోనే విండోస్ పక్కన లినక్స్ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ కూడా వేసుకున్నాడు. సాయంత్రం ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని కూర్చుంటే, లినక్స్ నెట్ నుంచి టైము తీసుకుని మదర్‌బోర్డు గడియారంలో యూటీసీ (గ్రీనిచ్ టైము) లెక్కన రాసి పెడుతుంది. తెల్లవారుజామున నెట్ లేకుండా తెరిచిన విండోస్, దాన్నే మన టైము అనుకుంటుంది.

లినక్స్‌లో 'సుడో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1' అని ఒక్క లైను కొట్టాం, అదీ ఇప్పుడు మన టైమే రాస్తోంది. ఇలా పెట్టొద్దని లినక్స్ హెచ్చరిస్తుంది. ఏటా గడియారాలు ముందుకీ వెనక్కీ జరిపే దేశాల్లో దీనివల్ల చిక్కులొస్తాయి. మనకా జరపడం లేదు.

చెన్నైలో కంప్యూటర్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌లోనైనా, మన ఊళ్లలోనైనా ఒకే కంప్యూటర్‌లో రెండు సిస్టమ్‌లు వేసిచ్చే పిల్లలకు ఒక్క విన్నపం. అప్పగించే ముందు రెండూ మార్చి మార్చి తెరిచి టైము సరిచూడండి. రైతు చేతిలో ఉండే కాగితం ఆ పట్టీ ఒక్కటే.

ముప్పై ఏడు పట్టీలు చేత్తో తిరగరాసి, లారీ డ్రైవర్ల చేతికిచ్చి పంపాను. ఫోన్ చేసినాయనకు శనివారం వేలం చిట్టా ఫొటో తీసి అప్పుడే పంపాను.

ఇట్లు,
ఒక మండీ గుమాస్తా,
కోయంబేడు, చెన్నై