జపాన్ యాత్రలో మాకు తోడు నిలిచినవారికి కృతజ్ఞతలు

పెద్దలకు, మిత్రులకు నమస్కారం. డెబ్బై ఏళ్లు దాటిన మేమిద్దరం గత నవంబరులో జపాన్ వెళ్లి, టోక్యో, హకోనె, క్యోటో, నారా చూసుకుని క్షేమంగా తెనాలి చేరుకున్న సంగతి మీలో చాలామందికి తెలుసు. ఎలా వెళ్లగలిగారని అడిగిన ప్రతి ఒక్కరికీ విడివిడిగా జవాబు చెప్పేకన్నా, ఆ యాత్రను మా చేత చేయించినవారికి అందరి ఎదుటా కృతజ్ఞతలు చెప్పుకుంటే బాగుంటుందని తోచి ఇది రాస్తున్నాను. పేర్లు బయటపెట్టడం వారికి ఇష్టం లేదు కాబట్టి వారు చేసిన పనుల గురించి మాత్రమే చెబుతాను.

మావారికి రెండు మోకాళ్లకూ శస్త్రచికిత్స జరిగింది. చేతికర్రతో కొద్ది దూరం నడవగలరు కానీ నేల మీద కూర్చోలేరు, కూర్చుంటే లేవలేరు. పైగా మేము చేప కూడా ముట్టని శాకాహారులం. ఇటువంటివాళ్లం రియోకాన్ అనే జపాన్ సంప్రదాయ వసతిగృహంలో ఒక రాత్రయినా గడపాలని కోరుకోవడం మా పిల్లలకే వింతగా అనిపించింది. అక్కడ గదుల్లో మన తుంగచాపల వంటి తతామి పరిచి ఉంటుంది, కూర్చోవడం, తినడం, పడుకోవడం అన్నీ నేల మీదే. ఇక వంటకాల్లో చాలావాటికి మూలం దాషి అనే రసం, దాన్ని సాధారణంగా ఎండబెట్టి పొగపట్టించిన కత్సువో చేప తురుముతో కాస్తారు. కూరగాయల పులుసులోనూ, సోయా పన్నీరు వంటి తోఫు మీద పోసే రసంలోనూ అదే ఉంటుంది. మేము ముందుగా సంప్రదించిన ఒక ప్రయాణాల ఏజెంటు ఇవన్నీ విని, అక్కడికి వెళ్లాక చూసుకోవచ్చులెండి అన్నాడు. ఆయన మాట నమ్మి బయలుదేరి ఉంటే మావారు ఆ రాత్రి ఉత్త అన్నంతో సరిపెట్టుకోవలసి వచ్చేది.

మొదటి కృతజ్ఞత నా పూర్వ విద్యార్థినికి. టోక్యోలో భారతీయులు ఎక్కువగా నివసించే నిషికసాయి ప్రాంతంలో భర్తతో కలిసి ఉంటున్న ఆ అమ్మాయి నా ఉత్తరం చూసిన వెంటనే ఫోన్ చేసి, "టీచరుగారూ, మీరేమీ బుక్ చేయకండి, ముందు మీకు ఏమేమి కుదరదో అంతా రాసి పంపండి" అంది. నేను నాలుగు ముక్కలు రాసి పంపితే అది సరిపోదని తిప్పి పంపింది. పాలు, పెరుగు తీసుకుంటారా, గుడ్డు కలిపిన పిండి వంటకం తింటారా, చేప ముక్క తీసేసిన పులుసు ఫరవాలేదా, ఎంత ఎత్తు మెట్టు ఎక్కగలరు, ఏ చేత్తో ఆనుకుంటారు అంటూ ప్రశ్న మీద ప్రశ్న వేసింది. ముప్పై ఏళ్ల క్రితం దాని పరీక్ష పత్రాలు దిద్దిన దాన్ని, ఈసారి నా సమాధానాలు అది దిద్దింది. చివరికి మా అవసరాలన్నిటినీ చక్కని జపనీస్‌లో ఒక పేజీ లేఖగా రాసి, రెండో పేజీలో మావారు వాడే మందుల జనరిక్ పేర్లు, మోతాదులు వేసి, హకోనెలోని ఒక చిన్న రియోకాన్‌కు రెండు నెలల ముందే పంపింది.

అంత ముందుగా ఎందుకని అడిగితే ఆమె చెప్పిన కారణం నాకు యాత్ర పొడుగునా ఉపయోగపడింది. రియోకాన్‌లో రాత్రి భోజనం, ఉదయపు ఫలాహారం సాధారణంగా అద్దెలోనే కలిసి ఉంటాయి. ఎందరు వస్తున్నారో లెక్క చూసుకుని వంటసామగ్రి తెప్పిస్తారు, సాయంత్రం ఆరు ఏడు గంటల మధ్య నిర్ణయించిన వేళకు వడ్డన మొదలుపెడతారు. ఆ వేళకు వెళ్లి మాకు చేప వద్దంటే వాళ్లు చేయగలిగింది తక్కువ, చేయలేకపోయామే అని పడే బాధ ఎక్కువ. అదే ముందుగా, స్పష్టంగా, కాగితం మీద పెట్టి అడిగితే అక్కడివారు చూపే శ్రద్ధకు హద్దుండదు. జపాన్ ఆతిథ్యం గురించి విన్న పొగడ్తల్లో ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

రియోకాన్ యజమానురాలి నుంచి జవాబు వచ్చినప్పుడు మాకు నోట మాట రాలేదు. ఇటువంటి యజమానురాలిని అక్కడ ఒకామి అంటారు. గుమ్మం నుంచి గది వరకు ఎన్ని మెట్లున్నాయో, స్నానపు తొట్టి అంచు ఎన్ని సెంటీమీటర్ల ఎత్తుందో కొలిచి, ఫొటోలు జతచేసి పంపారు. మంచాలున్న గది ఒకటి ఉందని, భోజనం కుర్చీలు బల్లలున్న గదిలో పెడతామని, రసం కొంబు అనే సముద్రపు నాచుతోనూ ఎండు షీతాకే పుట్టగొడుగులతోనూ కాస్తామని రాసి, నువ్వుల నూనె ఇష్టమేనా అని చివర్లో అడిగారు. తెలుగువాళ్లను అడగవలసిన ప్రశ్నే అది!

టోక్యో నుంచి బయలుదేరేటప్పుడు పెద్ద పెట్టెలు రెండూ హోటలు నుంచే తక్క్యూబిన్ అనే సామాను చేరవేత సేవ ద్వారా నేరుగా క్యోటోకు పంపించాం. ఈ సేవను యమాతో సంస్థ 1976లో మొదలుపెట్టింది, ఇప్పుడు వీధి చివర దుకాణంలో ఇచ్చినా తీసుకుంటారు. తోకాయిదో షింకన్‌సెన్ అనే బుల్లెట్ రైలులో పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటిన పెట్టెకు 2020 నుంచి ముందుగా ప్రత్యేకమైన సీటు రిజర్వు చేసుకోవాలి కాబట్టి, వయసు మళ్లినవారికి ఇదే సుఖం. మందులు, ఒక జత బట్టలు, మడత చక్రాలకుర్చీ మాత్రం వెంట ఉంచుకున్నాం. టోక్యో స్టేషనులో ఉద్యోగి ఒకరు మమ్మల్ని లిఫ్టుల వెంట ప్లాట్‌ఫారం దాకా తీసుకువెళ్లి, రైలుకూ ప్లాట్‌ఫారానికీ మధ్య చిన్న వాలుపలక వేసి ఎక్కించి, మేము ఏ బోగీలో ఉన్నామో, హకోనె కోసం మేము దిగవలసిన ఒదవారా స్టేషనుకు ఫోన్ చేసి చెప్పారు. ఒదవారాలో తలుపు తెరుచుకునేసరికి మరో ఉద్యోగి పలకతో సిద్ధంగా ఉన్నారు. ఆ ఇద్దరి ముఖాలు తప్ప మరేమీ తెలియదు, ఇక్కడి నుంచే వారికి దండం పెడుతున్నాను.

హకోనె యుమోతో నుంచి గోరాకు వెళ్లే కొండ రైలు 1919 నాటిది. సుమారు 9 కిలోమీటర్ల దారిలో కొన్నిచోట్ల 1000 మీటర్లకు 80 మీటర్ల చొప్పున ఎగబాకుతుంది. మూడు చోట్ల ఆగి వెనుదిరుగుతుంది, అప్పుడు డ్రైవరు, గార్డు ప్లాట్‌ఫారం మీద ఎదురెదురుగా నడుచుకుంటూ వెళ్లి చోట్లు మార్చుకుంటారు. రైల్వేలో పనిచేసి రిటైరయిన మావారు కిటికీలోంచి ఎర్రబారిన మేపుల్ ఆకులను చూడడం మానేసి ఆ డ్రైవరునే చూస్తూ కూర్చున్నారు.

వసతిగృహం గుమ్మంలో బూట్లు విప్పే చోట మావారి కోసం పీట వంటిది కాక చేతులున్న కుర్చీ వేసి ఉంచారు. మా గది చూసుకున్న పరిచారిక, నకాయి-సాన్, యాభై ఏళ్ల మనిషి. ఆమెకు ఇంగ్లీషు రాదు, మాకు జపనీస్ రాదు, ఫోనులోని అనువాద సాధనంతో నడిపించాం. యుకాతా అనే నూలు అంగీ కట్టుకునేటప్పుడు ఎడమ అంచు పైకి రావాలని, కుడి అంచు పైన వేసేది చనిపోయినవారికని ఆమే సరిచేసింది.

ఆ రాత్రి భోజనం గురించి కొంచెం తీరికగా చెప్పాలి. ముందు నువ్వులు, కుద్జు దుంపపిండి కలిపి చేసిన గోమా తోఫు చిన్న ముక్క వచ్చింది. తరువాత సోయా పాలు కాచినప్పుడు పైన కట్టే తరకను తీసి మడిచిన యుబా, కొంబు రసంలో ఉడికిన ముల్లంగి, గుమ్మడి, తామరదుంప తెంపురా, మట్టిపాత్రలో చెస్ట్‌నట్ గింజలు వేసి వండిన అన్నం, ఊరవేసిన కూరలు, చివర పండిన పెర్సిమన్ ఒక్కొక్కటిగా వచ్చాయి. ప్రతి పాత్ర పక్కనా, అందులో ఏమున్నదీ ఇంగ్లీషులో చేత్తో రాసిన చీటీ ఉంది. వంటవాడి కూతురు బడి నుంచి వచ్చి రాసిందట. ఆ పాపకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు. ఏది చేపో ఏది కాదో తెలియక ప్రతి ముద్దకూ అనుమానించే పని లేకుండా, పరాయి దేశంలో నిశ్చింతగా తిన్న భోజనం అది. ఉప్పు, పులుపు, తీపి దేనికదే తెలిసింది కానీ కారం మాత్రం లేదు. మావారు ఉదయం అన్నంలోకి కందిపొడి సీసా తీశారు. నకాయి-సాన్ వాసన చూసి, వేలి కొనతో రుచి చూసి, నీళ్లు తాగి, మళ్లీ కొంచెం కావాలని అడిగింది.

వేడినీటి ఊటల స్నానం అక్కడ ముఖ్యమైన వైభవం. స్త్రీ పురుషులకు వేరువేరు గదులుంటాయి, ఒళ్లంతా బయటే శుభ్రంగా కడుక్కుని బట్టలు లేకుండా తొట్టిలో దిగాలి. మావారిని ఒక్కరినీ పంపడం నాకు భయం. ఆ భయాన్ని కూడా లేఖలో రాసింది నా విద్యార్థిని. అందుకని గంటసేపు తలుపు వేసుకుని ఇద్దరమే వాడుకునేలా కుటుంబాలకు ఇచ్చే చిన్న స్నానశాల మాకు కేటాయించారు. గోడకు పట్టుకునే కమ్మీ ఉంది, తొట్టి లోపల కూర్చోవడానికి జారని పీట వేశారు. శస్త్రచికిత్స తరువాత మావారు మెడ వరకు వేడినీళ్లలో మునిగి కూర్చోవడం అదే మొదలు.

డబ్బు రూపంలో బహుమానం ఇవ్వబోతే నకాయి-సాన్ రెండు చేతులూ అడ్డంపెట్టి వద్దంది. ఒకామికి మేము తీసుకువెళ్లిన ఏటికొప్పాక లక్క భరిణె ఇచ్చాం. ఆమె దాన్ని వెలుతురులోకి తీసుకువెళ్లి తిప్పి తిప్పి చూసి, లోపలికి వెళ్లి యోసెగి పనితనపు చెక్కపెట్టె ఒకటి తెచ్చారు. హకోనె ఆ పనికే పేరు పొందిన ఊరు. రంగులు వేయకుండా, వేరువేరు చెట్ల కలప సహజంగా ఏ రంగులో ఉంటే ఆ రంగులోనే సన్నని పుల్లలుగా అతికి, ఆ దిమ్మను కాగితమంత పలుచగా చిత్రిక పట్టి పెట్టె మీద అంటిస్తారు. మన ఏటికొప్పాకవారు అంకుడు కర్రను తరిణె పట్టి లక్కరంగులు ఎక్కిస్తారని ఫోనులోని అనువాదంతో చెప్పడానికి నేను పడిన పాట్లు చూసి మావారు ఇప్పటికీ నవ్వుతారు. ఆ పెట్టె మాకే ఇచ్చేశారు.

మరునాడు అషి సరస్సులో ఓడ ఎక్కి ఫూజీ పర్వతాన్ని చూశాం. ఓవకుదాని అనే అగ్నిపర్వత లోయకు వెళ్లలేదు. అక్కడ గంధకపు ఆవిర్లు వస్తుంటాయి కాబట్టి ఉబ్బసం ఉన్నవారు వెళ్లేముందు ఆలోచించుకోవాలి, నాకు ఆ బాధ ఉంది.

క్యోటోలో మావారి మోకాలు వాచింది. బస దగ్గర్లోని మందుల దుకాణంలో నొప్పి మాత్రలు అడిగి, మా దగ్గరున్న మందుల జపనీస్ జాబితా చూపించాను. ఫార్మసిస్టు దాన్ని పూర్తిగా చదివి, రక్తం పలుచబడే మందు పేరు మీద వేలుపెట్టి, ఆ మాత్రలు ఇవ్వనని తల అడ్డంగా ఊపింది. బదులుగా చల్లని పట్టీలు, మోకాలికి తొడుగు ఇచ్చి, వాపు తగ్గకపోతే చూపించుకోవలసిన ఆసుపత్రి దారి గీసి ఇచ్చింది. అమ్మగలిగిన సరుకు అమ్మకుండా మావారిని కాపాడిన ఆమె ముఖం మేము మరచిపోం.

కియోమిజు గుడి ఎత్తైన వాలు మీద ఉందని మానుకుని సాంజూసాంగెందో చూశాం. 1266లో తిరిగి కట్టిన ఆ మందిరం సుమారు 120 మీటర్ల పొడవుంటుంది, అందులో 1001 కన్నోన్ (అవలోకితేశ్వర బోధిసత్త్వుడు) విగ్రహాలు బారులు తీరి ఉన్నాయి. వాటికి కాపలాగా నిలిచిన 28 మంది దేవతల్లో గరుడుణ్ణి, అసురుణ్ణి గుర్తుపట్టి మావారు కాలినొప్పి కాసేపు మరచిపోయారు. నారాలో తోదాయిజి మహాబుద్ధుని దగ్గర, రానుపోను ఖర్చులు తప్ప ఏమీ తీసుకోని విద్యార్థి ఒకడు స్వచ్ఛందంగా వెంట తిరిగాడు. 752లో ఆ విగ్రహానికి కళ్లు దిద్దే ఉత్సవం జరిపించినది బోధిసేనుడనే భారతీయ భిక్షువని మేము చెప్పబోయేలోగా అతడే చెప్పాడు.

వీరందరికీ, టికెట్లన్నీ ఫోనులో పెట్టిచ్చిన మా మరిది కొడుక్కి, మేము లేనప్పుడు మొక్కలకు నీళ్లు పోసిన పక్కింటి వదినగారికి మా ఇద్దరి కృతజ్ఞతలు. నా విద్యార్థిని రాసిన జపనీస్ లేఖలో మా పేర్లు, మందులు తీసేసి ఖాళీలు ఉంచిన ప్రతి ఒకటి ఆమె అనుమతితో నా దగ్గర ఉంది. ఆ వైపు వెళ్లదలచిన పెద్దవారెవరైనా అడిగితే పంపుతాను. ఖాళీలు నింపాక జపనీస్ తెలిసినవారికి ఒకసారి చూపించి, ప్రయాణానికి కనీసం రెండు నెలల ముందు వసతిగృహానికి చేరేలా చూసుకోండి.