రక్షిత కౌలుదారుల రిజిస్టరును ఊరి ముందు పెట్టండి: తెలంగాణ రెవెన్యూ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రెవెన్యూ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. బూర్గుల రామకృష్ణారావు గారి ప్రస్తావన వచ్చినప్పుడల్లా హైదరాబాదు రాష్ట్రానికి ఎన్నికైన తొలి ముఖ్యమంత్రి అనీ, బహుభాషా పండితుడనీ చెప్పి ముగించడం మన సభల్లో ఆనవాయితీ అయింది. ఆయన వకీలు వృత్తి నుంచి శాసనసభకు వచ్చిన మనిషి అనీ, ఆయన హయాంలో కౌలుదారీ చట్టానికి శాసనసభ చేసిన ఒక సవరణ ఇప్పటికీ మీ శాఖలో పూర్తిగా తెమలలేదనీ గుర్తు చేయడానికే ఈ లేఖ.

హైదరాబాదులో వకీలుగా స్థిరపడిన బూర్గుల 1931లో దేవరకొండ ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. 1950లో, కేంద్రం ముఖ్యమంత్రిగా నియమించిన అధికారి వెల్లోడి ప్రభుత్వంలో రెవెన్యూ మంత్రి అయ్యారు. 1952లో షాద్‌నగర్ నుంచి గెలిచి ముఖ్యమంత్రి పదవి చేపట్టారు. ఆ ఏడాది సెప్టెంబరులో స్థానికులకే ఉద్యోగాలివ్వాలన్న ముల్కీ ఉద్యమకారులపై జరిగిన కాల్పులు ఆయన పాలనకు అంటిన మచ్చే. దాన్ని కప్పిపుచ్చి పొగడవలసిన పని నాకు లేదు. కానీ భూమి విషయంలో ఆయన ప్రభుత్వం చేసినదాన్ని విడిగా చూడాలి.

హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం 1950లో వచ్చింది. ఏళ్ల తరబడి ఒకే భూమిని దున్నుతున్నవారిని రక్షిత కౌలుదారులుగా గుర్తించి, వారి పేర్లను ఊరి వారీగా రిజిస్టరుకు ఎక్కించడం అందులోని కీలకం. నోటిమాట కౌలుకు కోర్టులో విలువ ఎంతో తెలిసిన వకీలుకు ఆ రిజిస్టరు విలువ వేరే చెప్పనక్కరలేదు. ఎదుటి బల్లల మీద కమ్యూనిస్టుల పి.డి.ఎఫ్. (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) సభ్యులు బలంగా కూర్చున్న ఆ శాసనసభే 1954లో చట్టాన్ని సవరించి 38-ఇ సెక్షన్ చేర్చింది. ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చిన ప్రాంతాల్లో, చట్టం విధించిన పరిమితులకు లోబడి, రక్షిత కౌలుదారు దున్నుతున్న భూమి అతని సొంతమవుతుందనీ, ట్రిబ్యునల్ ఇచ్చే యాజమాన్య సర్టిఫికెట్ భూస్వామి మీద తిరుగులేని సాక్ష్యమనీ ఆ సెక్షన్ చెబుతుంది.

చట్టం ఒక దారి, ఊరు ఒక దారి. 1951లో రక్షిత కౌలుదారులుగా ఉన్నవారిలో నాలుగేళ్లు తిరిగేసరికి సగం మంది కూడా ఆ హోదాలో మిగల్లేదని ఆర్థికవేత్త ఎ.ఎం. ఖుస్రో పరిశీలనలో తేలింది. కొందరిని అక్రమంగా బేదఖలు చేశారు, అంటే భూమి నుంచి వెళ్లగొట్టారు, మరికొందరు భూమిని ‘ఇష్టపూర్వకంగా’ వదులుకున్నట్టు కాగితాలు పుట్టాయి. దొర పిలిపించి వేలిముద్ర అడిగిన చోట ఇష్టం ఎంత ఉంటుందో తెలంగాణ పల్లె తెలిసిన మీకు నేను వివరించనక్కరలేదు. ఈ నేరం చట్టం రాసినవారిది కాకపోవచ్చు. అయితే అమలును పటేల్, పట్వారీల చేతుల్లోనే ఉంచిన ప్రభుత్వం మాత్రం బాధ్యత తప్పించుకోలేదు. తెలంగాణలోని ఎక్కువ జిల్లాల్లో 38-ఇ అమలులోకి వచ్చింది 1973 జనవరి 1 నుంచి. అప్పటి ముఖ్యమంత్రి, ఒకప్పుడు బూర్గుల దగ్గర జూనియరు వకీలుగా పనిచేసిన పి.వి. నరసింహారావు కావడం విశేషం.

ఆ సర్టిఫికెట్లు ఇప్పటికీ మా వకీళ్ల బల్లల మీదకు వస్తూనే ఉన్నాయి. పాలిథిన్ కవరులో నాలుగు మడతలు పెట్టిన కాగితం, మడత దగ్గర చిరిగి సర్వే నంబరులో ఒక అంకె పోయి ఉంటుంది, ట్రిబ్యునల్ ముద్ర సగమే కనిపిస్తుంది. తెచ్చినది మనవడు. తాత పేరు కాగితం మీద ఉంది, పట్టా పాసుపుస్తకం పాత భూస్వామి వారసుల పేరున ఉంది, ఇద్దరూ కోర్టు మెట్లెక్కారు. అసలు రిజిస్టరు చూపించమంటే వెతకాలంటారు, తర్వాత రమ్మంటారు. భూ రికార్డుల పోర్టల్ ధరణి వచ్చినప్పుడు, భూమిని నిజంగా అనుభవిస్తున్నదెవరో చెప్పే అనుభవదారు కాలమ్ లేకపోవడం ఇలాంటివారిని మరింత దెబ్బతీసింది; ధరణి స్థానంలో భూభారతి చట్టం తెచ్చిన ప్రభుత్వం ఈ పాత రికార్డును కూడా తన లెక్కలో వేసుకోవాలి.

కాబట్టి నా విన్నపం ఇది. రక్షిత కౌలుదారుల తుది రిజిస్టర్లనూ, 38-ఇ సర్టిఫికెట్ల జారీ రిజిస్టర్లనూ స్కాన్ చేయించి, ఊరి వారీగా, ఎవరైనా ఉచితంగా చూసుకునేలా పెట్టించండి. ఉర్దూలో ఉన్న పేజీలకు తెలుగు ప్రతి జతచేయించండి. గ్రామ రెవెన్యూ సదస్సు జరిగిన చోట ఆ ఊరి జాబితాను బయటకు చదివించండి. సర్టిఫికెట్ ఉండీ స్వాధీనం దక్కనివారి దరఖాస్తులను తహసీల్దారు ఎన్ని రోజుల్లో తేల్చాలో ఉత్తర్వులో రాయించండి. పాసుపుస్తకంలో పేరు మార్చే ముందు ఈ రిజిస్టరుతో సరిచూడడాన్ని తప్పనిసరి చేయండి. ఇందుకు కొత్త చట్టం చేయవలసిన అవసరం నాకు కనిపించడం లేదు, మీ శాఖ ఉత్తర్వు చాలు.

ఇట్లు,
కౌలుదారుల కేసులు చూసే ఒక న్యాయవాది