రిజిస్ట్రీ నుంచి ఫోనొస్తే మా పిల్లల్ని ఆపొద్దు

ఎడిటర్ గారికి నమస్కారం,

బెంగళూరులో ఐటీ కంపెనీల్లో, కాలేజీల్లో బ్లడ్ స్టెమ్‌సెల్ (ఒంట్లో రక్తాన్ని తయారుచేసే మూలకణాలు) డోనర్ క్యాంపులు పెడుతుంటారు, బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్ది ఒక ఫారం నింపించుకుంటారు అంతే, మన తెలుగు పిల్లలు కూడా రిజిస్ట్రీలో, అంటే డోనర్ల జాబితాలో, ఉత్సాహంగానే పేరిస్తారు. అసలు చిక్కంతా ఆ తర్వాత, ఎవరికో మ్యాచ్ అయిందని ఫోనొచ్చినప్పుడు వస్తోంది. నంబర్ మారిపోయి ఉంటుంది, లేదంటే ఊళ్లో అమ్మానాన్నా వద్దంటారు. మీ పేపర్ ఆ అమ్మానాన్నలు చదువుతారనే ఇది రాస్తున్నాను.

నాకు లుకేమియా అనే బ్లడ్ క్యాన్సర్ కీమోతో తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టింది, ఇంకొకరి స్టెమ్‌సెల్స్ ఎక్కించే ట్రాన్స్‌ప్లాంట్ తప్పదన్నారు. దానికి హెచ్‌ఎల్‌ఏ, అంటే కణాల మీదుండే గుర్తులు, పేషెంట్‌కీ డోనర్‌కీ కలవాలి, సొంత తోబుట్టువుతోనైనా అవి పూర్తిగా కలిసే ఛాన్స్ 25 శాతమే, మా తమ్ముడిది కలవలేదు. చివరికి ముక్కూమొహం తెలియని మనిషి ఎవరో ఇచ్చారు. స్టాండుకి చిన్న సంచి తగిలించారు, చిక్కటి టమాటా రసం రంగులో ఉంది, ఛాతీ దగ్గర పెట్టిన లైన్లోంచి మామూలు రక్తం ఎక్కించినట్టే ఎక్కించారు, మా ఆయన గ్లాసు తలుపు అవతల నిలబడి ఆ సంచికే దండం పెట్టుకున్నాడు. ఇప్పుడు నా బ్లడ్ గ్రూప్ కూడా ఆ డోనర్‌దే!

ఆ రుణం తీర్చుకుందామంటే నేను రక్తం ఇవ్వడానికి లేదు, బ్లడ్ క్యాన్సర్ వచ్చినవాళ్ల దగ్గర తీసుకోరు. అందుకే వీలైనప్పుడల్లా క్యాంపుల్లో కూర్చుంటాను, డోనర్ల ఇంట్లోవాళ్లతో ఫోన్లో తెలుగులో మాట్లాడతాను. అందరిదీ దాదాపు ఒకటే భయం, వెన్నులోంచి తీస్తారటగా, పిల్లాడు మంచాన పడితే ఎలా, రేపు పెళ్లి కావాల్సినవాడు అని. వెన్నుపూస జోలికి ఎవరూ వెళ్లరండీ. ఎక్కువగా చేతి నరం నుంచే తీస్తారు, ప్లేట్‌లెట్లు ఇచ్చినట్టే. ముందు నాలుగైదు రోజులు ఇంజెక్షన్లు వేస్తారు, వాటికి ఒళ్లునొప్పులు, తలనొప్పి వస్తాయి, అది దాచను. తర్వాత నాలుగైదు గంటలు మెషీన్ పక్కన పడుకోవాలి. ఇచ్చిన సెల్స్ కొద్ది వారాల్లో ఒంట్లో మళ్లీ తయారవుతాయి, డోనర్‌కి పైసా ఖర్చు ఉండదు.

ఇంకోటి మాత్రం తల్లిదండ్రులు తప్పకుండా తెలుసుకోవాలి. ట్రాన్స్‌ప్లాంట్‌కి ముందు పేషెంట్‌కి గట్టి కీమో ఇచ్చి ఎముకల్లో రక్తం తయారుచేసే పాత మూలుగని పనిచేయకుండా చేసేస్తారు. ఆ టైమ్‌లో డోనర్ రానంటే ఆ మనిషి ఒంట్లో రక్తం తయారయ్యే దారే ఉండదు, ప్రాణం మీదికొస్తుంది. ఇవ్వాలా వద్దా అన్నది డోనర్ ఇష్టమే, బలవంతం ఏమీ లేదు, కానీ అనుమానాలుంటే మొదటి ఫోన్‌లోనే అడిగేయండి, వద్దనుకుంటే అప్పుడే చెప్పేయండి, తప్పేం లేదు. వాళ్లు ఇంకొకరిని వెతుక్కుంటారు. హెచ్‌ఎల్‌ఏ వంశపారంపర్యంగా వచ్చేది కాబట్టి మన తెలుగు పేషెంట్‌కి మనవాళ్లలోనే దొరికే అవకాశం ఎక్కువ, ఆ ఇంకొకరు దొరకడం కూడా అంత తేలిక కాదు మరి.

చెన్నైలో 2009లో మొదలైన దాత్రి అనే డోనర్ రిజిస్ట్రీ ఉంది, డీకేఎంఎస్ అనే ఇంకో రిజిస్ట్రీ వాళ్లు బెంగళూరులోనే ఉన్నారు. పేరిచ్చిన పిల్లలు ఉద్యోగం మారినా, ఫోన్ మారినా కొత్త నంబర్ ఆ రిజిస్ట్రీకి చెప్పాలి. ఈ సంగతులన్నీ మీరు ఒక డాక్టర్ గారితో వివరంగా రాయించి, సిటీ ఎడిషన్‌లోనే కాకుండా జిల్లా ఎడిషన్లలో కూడా వేయమని నా మనవి.

మీ పాఠకురాలు,
మారతహళ్లి, బెంగళూరు